పట్టుపందిరి కుడికి తిరిగిన సాయంత్రం

ఫ్లూరెట్ కెనెల్ తన జన్మలో రెండుసార్లు వీధికెక్కింది. మొదటిసారి పూర్తిగా పొరపాటు. రెండోది కూడా పొరపాటుగానే మొదలైంది గానీ, చివరికి ఏమైందో ఆ సాయంత్రం మోన్‌రొయాల్ వీధిలో ఉన్న పావురాలను అడిగినా చెబుతాయి.

మేమిద్దరం ఒకే కాన్వెంటులో చదివాం. సిస్టర్లు మగపిల్లలను మూడో తరగతి కాగానే, పాపాలు మొదలయ్యే వయసు వచ్చిందని బయటికి పంపేసేవారు. ఆడపిల్లలను మాత్రం ఉంచుకునేవారు. అందుకే నాకు భక్తి మోకాళ్ల దాకా అంటింది, ఫ్లూరెట్‌కు నెత్తి దాకా. ఈ తేడా మా మొహాల్లోనే తెలిసిపోతుందని ఆవిడ అంటుంది. నేను ఒప్పుకుంటాను. షాంబోర్ వీధిలో ఒకే మేడలో ఆవిడ మూడో అంతస్తులో, నేను కింది అంతస్తులో, ఇన్నేళ్లు కాపురమున్నాక కాదనడం దేనికి?

కాన్వెంటు అయ్యాక ఫ్లూరెట్ ఒక టోపీల కర్మాగారంలో ఈకలు కుట్టే పనికి చేరింది. ఒకరోజు పొద్దున్నే గంట మోగింది. ఆడవాళ్లంతా ఒక్కసారి లేచి బయటికి నడిచారు. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పిస్తున్నారు కాబోలు అనుకుని, ఫ్లూరెట్ సిస్టర్లు నేర్పిన క్రమశిక్షణతో కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, లైటు ఆర్పి, అందరికన్నా చివరగా వచ్చింది. వస్తూ వస్తూ తలుపు గొళ్లెం కూడా పెట్టింది. లోపల యజమాని ఉన్నాడు. బయట ఎవరో చేతిలో సమ్మె నినాదం రాసిన అట్టముక్క పెడితే పట్టుకుంది. అది తలకిందులుగా ఉందని మధ్యాహ్నం దాకా ఆవిడకు తెలియదు. మర్నాడు పత్రికలో ముందు వరుసలో ఆవిడ బొమ్మే. యజమానిని లోపల బంధించిన ఆడసింహం ఈవిడేనని రాశారు. ఆ యజమాని మళ్లీ ఆవిడ మొహం చూసి మాట్లాడలేదట, చూసినప్పుడల్లా జీతం పెంచేవాడట. నేనైతే ఇలాగే విన్నాను, ఇలాగే చెబుతున్నాను.

ఫ్లూరెట్ మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. పరాయి వాళ్ల ధైర్యాన్ని దొంగిలించానని ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసుకుంది. ఆనాటి నుంచి వీధిలో డప్పు వినిపిస్తే చాలు, కర్టెన్లు మూసేసేది. రోడ్డు నడవడానికని, అరవడానికి కాదని ఆవిడ సిద్ధాంతం.

అలాంటి మనిషికి దేవుడు రొజేర్‌ను మొగుడిగా ఇచ్చాడు. రొజేర్ సిటీ బస్సు నడిపేవాడు. ఎద్దులాంటి మనిషి, పసిపిల్లాడి మనసు, నోరు మాత్రం బస్సు పొగగొట్టం. ఇక్కడ మా తిట్ల సంగతి చెప్పాలి. మా కెబెక్‌లో కోపమొస్తే ఎవరి అమ్మనూ అక్కనూ లాగం. చర్చిలో పీఠం మీది సామాను లాగుతాం. అప్పం, పానపాత్ర, ప్రసాదపు గిన్నె, అన్నిటికన్నా పెద్దది అప్పం దాచే పెట్టె, మందసం. 'తబర్నాక్' అని చివర పటుక్కున తెంపితే మందసమే, కానీ గోడకున్న సున్నం రాలుతుంది. సుత్తి బొటనవేలి మీద పడినా, మంచులో కారు కూరుకుపోయినా, హాకీలో మనవాళ్లు ఓడినా మా నోట వచ్చేది ఈ పూజసామానే. ఫ్లూరెట్ నోట మాత్రం జన్మలో ఒక్కటి రాలేదు. రొజేర్‌కు ఇంట్లో తిట్టడం నిషేధం. తిట్టు వస్తే బాల్కనీలోకి వెళ్లాలి, ఎంత మంచు పడుతున్నా సరే. వాళ్ల రెయిలింగుకు పట్టిన తుప్పు వానకు పట్టింది కాదని నా నమ్మకం.

ఆ ఏడాది చలికాలంలో రొజేర్ గడ్డమంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మా ఇళ్లకు మెట్లు వీధివైపు, ఇనపవి, మెలికలు తిరిగి ఉంటాయి. బాగున్న మనిషికే వాటిమీద కళ్లు తిరుగుతాయి. ఆకులు రాలేదాకా కిందికి దిగొద్దని డాక్టరు చెప్పాడు. కిరాణా సామాను తాడు కట్టిన బుట్టలో పైకి లాగుకునేవాడు. మనిషి మాత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద పోయే బస్సులను చూస్తూ, అవి బ్రేకులు వేసే తీరు చూసి బాధపడేవాడు.

అప్పుడు వచ్చింది ఆ వసంతం. చదువుల రుసుము పెంచారని పిల్లలు నెలల తరబడి వీధుల్లో ఉన్నారు. ప్రభుత్వం విసిగిపోయి ఒక చట్టం తెచ్చింది. యాభైమంది కలిసి నడవాలంటే ఎటు పోతున్నారో పోలీసులకు ముందే చెప్పాలట. అంతే, అప్పటిదాకా పిల్లలను తిట్టిన తాతలు కూడా, మమ్మల్ని అడగడానికి మీరెవరన్నారు. రోజూ సాయంత్రం ఎనిమిది కొట్టగానే ఊరంతా బాల్కనీల్లోకి వచ్చి గిన్నెలు వాయించడం మొదలుపెట్టింది. మూకుళ్లు, మూతలు, సాసుపాన్లు, చెక్క గరిటెలు. మా ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన పాలు ఆ వారం తోడు లేకుండా వెన్న అయ్యాయి.

రొజేర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఫ్లూరెట్ స్ట్రాబెరీ జామ్ కాచే పెద్ద గిన్నె ఎత్తుకుని, ఎనిమిది ఎప్పుడవుతుందా అని మధ్యాహ్నం నుంచి గడియారం చూసేవాడు. వాయిస్తూ వాయిస్తూ కొత్త చట్టాన్నీ, మంత్రులనూ, తన తుంటినీ కలిపి మందసానికి ఎక్కించేవాడు. బాల్కనీలోనే కాబట్టి ఫ్లూరెట్ ఏమీ అనలేకపోయేది. చెవుల్లో దూది పెట్టుకుని జపమాల తిప్పేది. నా జామ్ గిన్నె సొట్టలు పోతోంది అని మాత్రం దేవుడితో రోజూ చెప్పేది. దూది వల్ల తనెంత గట్టిగా చెబుతోందో ఆవిడకు తెలియదు, మేమంతా వినేవాళ్లం.

సరిగ్గా అప్పుడే పిడుగు పడింది. జనం రావడంలేదని ఆ వేసవితో మా చర్చి మూసేస్తున్నామని ప్రకటించారు. అంటే జూన్‌లో వచ్చే దివ్యసత్ప్రసాదం పండుగ ఊరేగింపే ఆఖరిది. నాలుగు కర్రల మీద పట్టుపందిరి, దాని కింద దేవుడిగా కొలిచే అప్పం ఉంచిన బంగారు కిరణాల పాత్ర పట్టుకుని ఫాదర్, వెనక భక్తులు. నా చిన్నప్పుడు ఊరేగింపు తల చర్చికి తిరిగొచ్చినా తోక ఇంకా బయల్దేరేది కాదు. ఇప్పుడు తలా తోకా కలిపి పదిమంది ముసలివాళ్లం.

రొజేర్ దేవుడి గురించి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ పందిరికి ముందు కుడి కర్ర అతనిది. పెళ్లయిన ఏడాది నుంచి అతనే పట్టాడు. బస్సు డ్యూటీ పడితే బస్సు ఆపి వచ్చి పట్టాడని కూడా అంటారు. ఆఖరి ఊరేగింపు తను లేకుండా వెళ్లిపోతుందని తెలిశాక ఆ రాత్రి గిన్నె వాయించలేదు. మరుసటి రోజు కూడా వాయించలేదు. రెండోరోజు ఫ్లూరెట్ చెవుల్లో దూది తీసేసింది. కింద నా బాల్కనీలో ఉన్న నాకు అంతా వినిపించింది.

“నిన్ను కిందికి దింపలేను గానీ, దేవుణ్ణి నీ బాల్కనీ కిందికి నడిపించుకొస్తాను. పందిరితో సహా.”

“దేవుడి సంగతి నీ ఇష్టం. పందిరి మాత్రం వంకరపోకూడదు. నా కర్ర ఎవడు పడతాడు?”

“కింద క్లోవిస్ ఉన్నాడుగా,” అంది, నా పేరు చెబుతూ.

“ఆ పానపాత్ర గాడా? వాడు గొడుగే నిటారుగా పట్టలేడు.”

“తిట్టాలంటే బాల్కనీలోకి వెళ్లు.”

“బాల్కనీలోనే ఉన్నాను కదే.”

తర్వాత రొజేర్, నిజంగా తెస్తావా అని అడిగాడు. అంత పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేను అంతకుముందు వినలేదు. తెస్తానని మాట ఇచ్చింది.

మాట ఇచ్చినంత తేలిక కాదు. ఊరేగింపు ఏనాడూ షాంబోర్ వీధిలోకి వచ్చింది కాదు. ఫ్లూరెట్ వెళ్లి ఫాదర్ అనాక్లెను పట్టుకుంది. ఆయన కాంగో నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఇస్త్రీ చేసినట్టుండే ఫ్రెంచి, చలికి తొడిగిన మూడు కోట్ల కింద ముడుచుకున్న మంచితనం. ఫాదర్ ముందు ఎవరూ తిట్టరు కాబట్టి మా తిట్లు ఆయన చెవిన పడనేలేదు. ఒకసారి ఆయన వంటింట్లో కుళాయి బాగుచేస్తూ ప్లంబరు వేలు నలగ్గొట్టుకుని పీఠం మీది సామానంతా వరసగా చదివాడు. ఇంత బాధలోనూ పూజాపాత్రలను తలుచుకుంటున్నాడే అని ఫాదర్ కళ్లు చెమర్చి, అతనికి తన జపమాల ఇచ్చేశాడు. ఆ ప్లంబరు ఇప్పటికీ అది కారులో వేలాడదీసుకు తిరుగుతాడు.

ఫ్లూరెట్ అడిగిందానికి ఫాదర్ వెంటనే ఒప్పుకున్నాడు. మోన్‌రొయాల్ వీధిలో వెళ్లి, షాంబోర్ మూల కుడికి తిరిగి, రొజేర్ బాల్కనీ కింద దీవెన ఇచ్చి, అటునుంచి అటే తిరిగి చర్చికి. ఎనిమిదికి గిన్నెలు మొదలవుతాయి కాబట్టి ఏడు గంటలకే బయల్దేరాలి. పదిమందిమే, చట్టం ప్రకారం కూడా భయం లేదు.

ఆదివారం ఏడింటికి పందిరి విప్పితే దాని ముందు కుడి కర్ర చెదలు తిని చేతిలో పొడైపోయింది. రొజేర్ కర్రే. ఫ్లూరెట్ నావైపు చూసిన చూపుకు నేను మళ్లీ మూడో తరగతిలో పడ్డాను. ఇంటికి పరిగెత్తి, నా హాకీ కర్ర తెచ్చి తాడుతో కట్టాను. అది మిగతా కర్రలకన్నా పొట్టి. పందిరి ఒక కన్ను మూసినట్టు నావైపు వాలింది. నేను చెయ్యి చాచి ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది. ఇదంతా అయి మేం బయటికి అడుగుపెట్టేసరికి చర్చి గడియారం ఎనిమిది కొట్టింది.

మొదట ఒక బాల్కనీలో ఒక మూత మోగింది. ఫ్లూరెట్ చెవుల్లో మళ్లీ దూది పెట్టుకుంది. తర్వాత ఇంకోటి. తర్వాత ఆకాశం మొత్తం వంటింటి అలమర జారిపడ్డట్టు కింద పడింది. సందుల్లోంచి, మెట్లమీంచి, బార్లలోంచి జనం వచ్చి వీధి నింపేశారు. మా ముందు జనం, మా వెనక జనం, మధ్యలో ఒంటికన్ను పందిరి. మమ్మల్ని ఎవరూ తోసెయ్యలేదు. పైపెచ్చు చప్పట్లు కొట్టారు. ప్రదర్శన కోసం మేం ఇంత అద్భుతమైన వేషం కట్టామని వాళ్ల ఉద్దేశం. ఒక కుర్రాడు నా హాకీ కర్రను ముద్దుపెట్టుకున్నాడు.

ఒక పిల్ల వచ్చి ఫ్లూరెట్ ఆదివారపు కోటుకు ఎర్రగుడ్డ ముక్క పిన్నుతో గుచ్చింది. ఆ వసంతంలో పిల్లల పక్షాన ఉన్నవాళ్లందరి రొమ్ము మీదా అదే ఉండేది. దూది చెవుల ఫ్లూరెట్‌కు ఆ సంగతి తెలియదు. మా చిన్నప్పుడు సిస్టర్లు ఇచ్చే తిరుహృదయం బిళ్ల కూడా సరిగ్గా అలాంటి ఎర్రగుడ్డే. ఈ కాలపు పిల్లల్లో ఇంత భక్తి ఉందా అని ఆవిడ కరిగిపోయి, ఆ గుడ్డను కళ్లకద్దుకుని, పిల్ల నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. పిల్ల ఏడ్చేసింది. తన సొంత నాయనమ్మ తనతో మాట్లాడటం మానేసిందని చెప్పింది. గిన్నెల మోతలో ఫ్లూరెట్‌కు అది వినపడలేదు గానీ, దగ్గరికి తీసుకుంది.

ఇంతలో పోలీసు అడ్డం వచ్చాడు. శిరస్త్రాణం, లాఠీ, గడ్డం కింద పట్టీ, అన్నీ ఉన్నాయి. ఇది చట్టవిరుద్ధమైన గుంపు అని మైకులో చదువుతూ వచ్చి, దీనికి నాయకుడెవరని అడిగాడు. వీధి వీధంతా ఫాదర్ అనాక్లెను చూపించింది. ఎటు పోతున్నారని అడిగాడు.

“స్వర్గానికి, నాయనా. దానికన్నా ముందు షాంబోర్ వీధికి,” అన్నాడు ఫాదర్.

పోలీసు ఇంకేదో అడగబోయి ఫాదర్ చేతిలోని బంగారు కిరణాల పాత్ర చూశాడు. వాళ్లమ్మ ఎవరో గానీ బాగా పెంచింది. మనిషి ప్రమేయం లేకుండానే కుడి మోకాలు కిందికి వంగింది. శిరస్త్రాణం ముందుకు జారి ముక్కు మీద పడింది. జనం గిన్నెలు ఎత్తి కేకలు పెట్టారు. లేచాక అతనికి ఏం చెయ్యాలో తోచక, ముందు నడుస్తూ కార్లను పక్కకు తప్పించడం మొదలుపెట్టాడు. చట్టవిరుద్ధమైన గుంపుకు పోలీసు దారి చూపించడం ఆ వసంతంలో అదొక్కసారే జరిగింది.

అలా షాంబోర్ మూలకు వచ్చాం. అక్కడొచ్చింది అసలు చిక్కు. మేం కుడికి తిరగాలి. జనం నేరుగా సాన్ దెనీ వీధికి పోవాలి. ప్రతి సాయంత్రం అందరూ అక్కడే కలుస్తారు. వెనకనుంచి నెట్టుకొస్తున్న ప్రవాహంలో పందిరి నేరుగా కొట్టుకుపోతోంది. నేను కుడికి లాగాను, హాకీ కర్ర వంగింది. కుడివైపు చూస్తే అంత దూరంలో మూడో అంతస్తు బాల్కనీలో రొజేర్ కుర్చీలోంచి లేచి, రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో గిన్నె ఉంది. వాయించడం లేదు. పందిరి మూల దాటుతుంటే చూస్తున్నాడు.

ఫ్లూరెట్ అతన్ని చూసింది. దయచేసి కుడికి తిరగండి బాబూ అంది. ఎవరికీ వినపడలేదు. పోలీసు చొక్కా పట్టుకు లాగింది. అతను కార్ల గొడవలో ఉన్నాడు. ఫాదర్‌ను పిలిచింది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాడు. పందిరి వెనక అంచు మూల దాటేసింది. ఇంకో నాలుగడుగులు వేస్తే షాంబోర్ వీధి వెనకబడుతుంది, చర్చి మూతపడుతుంది, అంతే.

అప్పుడు ఫ్లూరెట్ పాలవాడి దుకాణం ముందున్న బెంచీ ఎక్కింది. చెవుల్లో దూది తీసి జేబులో పెట్టుకుంది. గుండెల నిండా గాలి పీల్చుకుంది. పుట్టినప్పటి నుంచి మింగిన ప్రతి తిట్టూ, రొజేర్ దగ్గర వద్దన్నా విన్న ప్రతి తిట్టూ, ఒక్క గుక్కలో బయటికొచ్చాయి.

“అప్పం! పానపాత్ర! ప్రసాదపు గిన్నె! మందసం!”

చివరి మాటను ఎక్కడ తెంపాలో అక్కడే తెంపింది. దుకాణం అద్దం వణికింది. ఒక చెట్టు మీది పావురాలు లేచి రెండో చెట్టు మీద పావురాలను కూడా లేపుకుని పోయాయి. మోన్‌రొయాల్ వీధి ఆ మూలనుంచి ఈ మూలదాకా ఆగిపోయింది. ఒక్క గరిటె కూడా కదలలేదు. ఆ నిశ్శబ్దంలో ఫ్లూరెట్ కోటు సర్దుకుని, కాన్వెంటు గొంతుతో చెప్పింది.

“కుడివైపు తిరగండి బాబూ, దయచేసి.”

ఎవరైనా నవ్వితే ఆవిడ ప్రాణం పోయేదే. కానీ అప్పుడే ఫాదర్ అనాక్లె కళ్లు తెరిచాడు. ఇంత భక్తురాలు, పూజాపాత్రలను ఒక్కొక్కటిగా ఇంత గట్టిగా స్తుతిస్తుంటే తను ఊరుకోవడమా? కిరణాల పాత్ర పైకెత్తి, చర్చిలో స్తుతిమాల పాడే రాగంలో అందుకున్నాడు.

“పరిశుద్ధ మందసమా.”

వెనక ఎవరో పెద్దాయన అలవాటుకొద్దీ, మమ్ము కరుణించుము అన్నాడు. దాంతో వీధి బద్దలైంది. ఫాదర్ పరిశుద్ధ పానపాత్రమా అంటే, ఏ పాట వచ్చినా రాకపోయినా ఈ మాటలు మాత్రం తండ్రుల నోట పుట్టినప్పటి నుంచి విన్న జనం, కడుపులు పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని, మమ్ము కరుణించుము అన్నారు. ఇంత మంది ఇంత ఆనందంగా ప్రార్థించడం తన జీవితంలో చూడలేదని ఫాదర్ తర్వాత బిషప్పుగారికి చెప్పాడట. అది మాత్రం నిజమే. పోలీసు అందరికన్నా గట్టిగా పాడాడు, ప్రసాదపు గిన్నె దగ్గర మరీ.

అలా పాడుతూనే పందిరి కుడికి తిరిగింది. వెనక ఊరూ తిరిగింది. షాంబోర్ వీధి పుట్టినప్పటి నుంచి అంతమందిని చూడలేదు. రొజేర్ బాల్కనీ కింద ఆగాం. నేను చెయ్యి నొప్పి మరిచిపోయి, హాకీ కర్ర తలపైకి ఎత్తి, పందిరిని గీత గీసినట్టు నిలబెట్టాను. ఫాదర్ దీవెన ఇవ్వడానికి పాత్ర ఎత్తాడు. ఆ క్షణంలో చిరుగంట మోగించాలి. హడావుడిలో గంట చర్చిలోనే మరిచిపోయాం. ఒకరి మొహం ఒకరం చూసుకుంటుంటే, పైనుంచి జామ్ గిన్నె మీద చెక్క గరిటె మెత్తగా మూడుసార్లు మోగింది. జనమంతా తలలు వంచారు. తల వంచనివాళ్లు టోపీలైనా తీశారు.

దీవెన అయ్యాక కూడా ఎవరూ కదల్లేదు. రొజేర్ రెయిలింగు మీదకు వంగాడు.

“ఫ్లూరెట్, ఇందాక మూలమీద అరిచింది ఎవరు?”

“నేనే.”

“ఇంకోసారి చెప్పు, ఎవరు?”

“నేనేనయ్యా. ఊరంతా విన్నాక నీకెందుకు అనుమానం?”

“అనుమానం కాదే, గొప్ప కోసం చెప్పించుకుంటున్నాను. పక్కింటివాళ్లు వినాలి కదా.” గరిటె ఊపాడు. “చివరి మాట ఎంత బాగా తెంపావే, అబ్బ. బస్సు నడిపినన్నాళ్లూ నాకు అంత బాగా కుదరలేదు. సరే, ఇంక పైకి రా, సూపు చల్లారిపోతోంది.”

ఫ్లూరెట్ మెట్ల దాకా వెళ్లింది. మొదటి మెట్టు మీద కాలు వేసింది. వీధిలో అక్కడక్కడ గిన్నెలు మళ్లీ మొదలయ్యాయి. ఎర్రగుడ్డ గుచ్చిన పిల్ల పందిరి పక్కన నిలబడి ఆవిడ కోసమే చూస్తోంది. ఫ్లూరెట్ వెనక్కి తిరిగి తలెత్తింది.

“రొజేర్, సూపు నువ్వు తాగేసెయ్. ఆ గిన్నె బుట్టలో పెట్టి కిందికి వదులు.”

“ఏ గిన్నె?”

“నా జామ్ గిన్నె. ఎటూ సొట్టలు పోయింది కదా.”

రొజేర్ ఏదో అనబోయి, ఇంట్లోకి వెళ్లకుండా బాల్కనీలోనే అన్నాడు. చాలా పొడుగ్గా అన్నాడు. ఫాదర్ సిలువ గుర్తు వేసుకున్నాడు. తాడు మీద బుట్ట ఊగుతూ, తిరుగుతూ, రెండో అంతస్తు పూలకుండీకి తగిలి, కిందికి దిగింది. ఫ్లూరెట్ గిన్నె తీసుకుంది. గరిటె అతని దగ్గరే ఉండిపోయింది. చేతిలోని జపమాల మెడలో వేసుకుని, కాలి చెప్పు తీసి, దాని మడమతో గిన్నెను ఒక్కటి వేసింది.

జనం సాన్ దెనీ వీధివైపు కదిలారు. పందిరీ కదిలింది, ఫాదరూ, పోలీసూ, పాపం నేనూ. అందరికన్నా ముందు ఫ్లూరెట్, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి మేజోడుతో, పిల్ల భుజం పట్టుకుని నడిచింది. వెనక మూడో అంతస్తులో రొజేర్ ఆ గరిటెతో తుప్పు పట్టిన రెయిలింగును వాయిస్తుంటే, మేం సాన్ దెనీ చేరేదాకా వినపడుతూనే ఉంది.